సర్కారు తుమ్మకి పసుపు గుడ్డ

ఒక్క పాత చీరతో ఊరినంతటినీ తలకిందులు చేసిన మనిషిని మీరు ఎప్పుడూ చూసి ఉండకపోతే, ఇదిగో, నన్ను చూడండి. నా పేరు సువార్తమ్మ. చదివింది మూడో తరగతి. నాలుగు కూడా చదివి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదని మా కోడలు అంటుంది గాని, చదువుకీ దీనికీ సంబంధం లేదని నా గట్టి నమ్మకం. చివరిదాకా విన్నాక మీరే చెబుదురుగాని.

ఇది నాలుగైదేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళే. కుర్రతనం. ఎవరి మాటా వినే వయసు కాదు.

మా ఊరు కైకలూరుకీ ఏలూరుకీ మధ్య కొల్లేటి అంచున ఉంది. ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఊరికి మిగిలిన నీడల్లా నాలుగెకరాల ఉమ్మడి తోపు. నా చిన్నతనంలో అందులో నేరేడు, కానుగ, నల్లతుమ్మ, చింత ఉండేవి. మిట్టమధ్యాహ్నం అడుగు పెడితే ఎండ గట్టు మీదే ఆగిపోయేది. తరవాత ఎవరూ పట్టించుకోక సర్కారు తుమ్మ చొరబడింది. అది మామూలు తుమ్మ కాదండి. పిలవని పెళ్ళికి వచ్చి మూడో బంతిలో కూడా కూర్చునే చుట్టం. ఒక చోట నరికితే నాలుగు చోట్ల లేస్తుంది. దాని కింద గడ్డిపరక కూడా మొలవదు.

ఆ తోపుని ఆనుకుని నాకు అరెకరం వరిచేను ఉంది. ఏడాది పొడుగునా నా అన్నం అదే. చెరువుల సత్యంగారు తోపుని రొయ్యల చెరువుకి ఇవ్వమని పంచాయతీని అడుగుతున్నారని తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు. రొయ్యల చెరువంటే ఉప్పునీళ్ళు. గట్టు కిందనుంచి అవి నా చేలోకి ఊరితే, ఇక నేను పండించేది చవుడే. తోపుని బాగుచేస్తామని మరోపక్క ఒక సంఘం కూడా అర్జీ పెట్టింది. పంచాయతీ ఎటూ తేల్చకుండా ఊగుతోంది, ఈలోగా తుమ్మ కొట్టుకుంటే మాత్రం అభ్యంతరం లేదంది. వెంటనే వెళ్ళి ఆ సంఘంలో చేరిపోయాను. చెట్ల మీద ప్రేమతో చేరానని నా గురించి మీటింగుల్లో చెబుతుంటారు. ప్రేమ కూడా ఉందనుకోండి. ముందు మాత్రం గింజలు.

సంఘానికి పెద్ద ప్రకాశం. మా ఊరివాడే, ఏలూరు కాలేజీలో లెక్చరరు. నేను ఆదివారం ఆరాధన మానను కాబట్టి పని శనివారాలు పెట్టాడు. మంచి పిల్లాడు, కాకపోతే డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టే పిల్లాడు. మొదటి శనివారమే అది బయటపడింది.

సర్కారు తుమ్మా మన నల్లతుమ్మా దూరానికి ఒకేలా కనబడతాయట. నరికే ముఠావాళ్ళు తొందరలో మంచి చెట్లని కూడా కొట్టేస్తారట. అందుకని నరకాల్సినవాటికి ముందే గుర్తు కట్టాలన్నాడు. ఆ పని నాకు అప్పగించి, ఏలూరు నుంచి ఎర్ర రిబ్బను చుట్టలు తెస్తానన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నరికిపారేసే చెట్టుకి రిబ్బనెందుకు నాయనా, దానికేమన్నా జడేసి బడికి పంపుతున్నామా? గుడ్డలు నా దగ్గరున్నాయి, నువ్వు ఊరుకో" అన్నాను. ఊరుకున్నాడు. తరవాత చాలాసార్లు నా ముందు ఆ సంగతి ఎత్తబోయి మానుకున్నాడు పాపం.

ఆరాధనకి కట్టి కట్టి నలిగిపోయిన తెల్లచీర ఒకటి పెట్టెలో ఉంది. దాన్ని పీలికలుగా చించి తోపుకి పట్టుకెళ్ళి ఒకటి కట్టి చూశాను. కొల్లేటి కొంగలు కాపురముండేది ఆ చెట్ల మీదే. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు ఉంటాయి. తెల్ల చెట్టుకి తెల్ల గుడ్డ కట్టాక అందులో గుర్తేదో రెట్టేదో కట్టిన నాకే తెలియలేదు. అంటే రంగు వెయ్యాలి. రంగు కొనడమా, నేనా? అటక మీద డబ్బాలో పురుగుపట్టిన పసుపు ఉంది. కూరలో వెయ్యడానికి మనసొప్పక, పారెయ్యడానికి ప్రాణం ఒప్పక రెండేళ్ళుగా దాచినది. పాత డేకిసాలో ఆ పసుపు కలిపి పీలికలన్నీ ముంచాను. చామంతిపువ్వు లాగా వచ్చిందండి రంగు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తోపులో ఉన్న ప్రతి పెద్ద సర్కారు తుమ్మకీ, చుట్టూ తిరిగి, గట్టిగా ముడివేసి కట్టాను. దారి పక్కనున్న అన్నిటికన్నా పెద్ద తుమ్మని ముందు కొట్టాలని ప్రకాశం చెప్పాడు కాబట్టి, దానికి వేరే గుర్తుండాలని మా గేటుకి వేయగా మిగిలిన ఎర్ర రంగుతో మొద్దు మీద గుండ్రంగా ఒక చుక్క పెట్టాను. డేకిసాలో మిగిలిన పసుపునీళ్ళు మళ్ళీ ఇంటిదాకా మొయ్యడం ఎందుకని దాని మొదట్లోనే పోసేశాను.

పసుపు గుడ్డ, ఎర్రని బొట్టు, మొదట్లో పసుపునీళ్ళు. మీకు అర్థమైపోయింది కదా. నాకు కాలేదండి. అరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళోనే ఉండి, ఇరుగుపొరుగువాళ్ళ మొక్కులన్నీ చూసినదాన్ని, అయినా కాలేదు. నా మనసంతా నరకడం మీద ఉంటే మొక్కు ఎక్కడ గుర్తొస్తుంది?

సోమవారం పొద్దున్న చేనుకి వెళుతూ చూస్తే పెద్ద తుమ్మ ముందు కొబ్బరిచిప్పలు, నిమ్మకాయల దండ, గాజులు. పదిమంది ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. సగంమంది పై ఊళ్ళవాళ్ళు. ముందు నడుస్తున్నది మా రమణమ్మ. కూలి ముఠాకి మేస్త్రి. మా వీధిలోనే ఉంటుంది. దాని పుట్టుక దగ్గరనుంచి నాకు తెలుసు.

పక్కకి పిలిచి ఏమిటే ఇదంతా అని అడిగాను.

"అమ్మవారు వెలిశారు కదండీ మామ్మగారూ" అంది, రేషను బండి వచ్చింది కదండీ అన్నంత మామూలుగా.

"ఏ అమ్మవారే?"

"పేరింకా తెలీదండీ. పసుపు గుడ్డ కట్టుంది, బొట్టుంది. ఎవరో కట్టారు."

"ఎవరో ఏమిటే, నేనే కట్టాను."

రమణమ్మ నన్ను జాలిగా చూసింది. "మీరెందుకు కడతారండీ? మీరు చర్చికెళ్ళే మనుషులు."

"అది నా చీరే. అంచు చూసుకో."

"అమ్మవారికి చీర పెట్టారన్నమాట. మంచి పనేనండీ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

నేను చెప్పినదంతా నిజం, ఒక్కటి కూడా చెల్లలేదు. నా నిజాల్లో ఎక్కడ తేడా వచ్చిందో వేళ్ళ మీద వెతుక్కుంటూ ఇంటికొచ్చాను. దారిలో చేను దాటిపోయిన సంగతి కూడా గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే తోపు గట్టు మీదికి సత్యంగారి మట్టి తవ్వే ప్రొక్లెయినరు వచ్చింది. పంచాయతీ ఇంకా ఎవరికీ కాగితం ఇవ్వలేదు, ఈయన మాత్రం ఊరికే గట్టు చదును చేస్తానని మిషను పంపాడు. పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి డ్రైవరు కిందికి దిగి, చెప్పులు విడిచి, తుమ్మకి దణ్ణం పెట్టి, మిషను వెనక్కి తిప్పుకుని పోతున్నాడు. ఇంకో వెర్రివాడు తయారయ్యాడనుకున్నాను. అంతకన్నా నాకేమీ తట్టలేదు.

ఆ సాయంత్రమే రమణమ్మ మా ఇంటికొచ్చి, తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి నన్ను చూడాలని బెంగపడుతోందని ఎవరో చెప్పారంది. తెల్లారేసరికి తానే వచ్చి బస్సెక్కించి సీటు కూడా పట్టింది. అంత మర్యాద దాని జన్మలో ఎవరికీ చెయ్యలేదు. నేను గూడెంలో దిగేసరికి మా అమ్మాయి, "ఏంటమ్మా చెప్పకుండా వచ్చావు, ఒంట్లో బాగానే ఉందా?" అంది. బెంగ లేదు, ఏమీ లేదు. మూడు రోజులు అక్కడ ఉల్లిపాయలు తరుగుతూ నాకు మతిపోయిందా, ఊరికి మతిపోయిందా అని ఆలోచించాను. తేలలేదు.

శనివారం తోపుకి వస్తే అక్కడ పని ఆగిపోయి ఉంది. ముఠా అంతా గొడ్డళ్ళు కింద పెట్టి కూర్చున్నారు. పసుపు గుడ్డ ఉన్న చెట్టుని ముట్టుకోం అన్నారు. ప్రకాశం వాళ్ళకి సర్కారు తుమ్మ ఏ దేశంనుంచి వచ్చిందో, భూమిలో నీళ్ళు ఎలా తాగేస్తుందో గంటసేపు పాఠం చెప్పాడు. అంతా విని రమణమ్మ, అంత దూరంనుంచి నడిచొచ్చిందంటే మహిమ ఉన్న తల్లేనండీ అంది. ప్రకాశం తలపట్టుకుని నా పక్కన గట్టు మీద కూలబడ్డాడు. "మామ్మగారూ, రిబ్బను" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

సరిగ్గా అప్పుడే పాస్టరుగారు సైకిలు దిగారు. మా పాస్టరుగారు నెమ్మదైన మనిషి. గొంతు ఎత్తరు. దానివల్ల ఇంకా భయం.

"సువార్తమ్మగారూ, మీరు చెట్టుకి పసుపు గుడ్డ కట్టారని విన్నాను. నిజమేనా అమ్మా?"

"నిజమేనండి."

"బొట్టు కూడా పెట్టారా?"

"పెట్టానండి. నరకడానికి."

ఆయన సైకిలుకి స్టాండు వేశారు. "అమ్మవారిని నరకడానికా?"

"కాదండి, తుమ్మని."

"తుమ్మని నరకడానికి బొట్టెందుకమ్మా?"

"ముందు దాన్నే నరకాలని తెలియడానికండి."

"మరి నరకలేదేం?"

"బొట్టుంది కాబట్టండి."

పాస్టరుగారు నా మొహం చూశారు, తుమ్మ మొహం చూశారు. ఇది ప్రార్థనతో తీరేది కాదనిపించిందేమో, సైకిలెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు ఆరాధనలో నా బల్ల మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. మా సమాజం ఆడవాళ్ళు తక్కిన బల్లల మీద సర్దుకున్నారు. నలభై ఏళ్ళుగా ఆలస్యంగా వచ్చినవాళ్ళని కళ్ళతో దహించినదాన్ని, ఆ రోజు నేలవంక చూస్తూ పాటలు పాడాను.

తరవాతి శుక్రవారం పంచాయతీ కాగితం వచ్చింది. తోపు మా సంఘానికే ఇచ్చారు. కాకపోతే కింద ఒక మెలిక. నెలాఖరులోపు తుమ్మ తీసి మొక్కలు నాటాలి, లేకపోతే సత్యంగారి అర్జీ మళ్ళీ చూస్తారట. నెలాఖరు ఇంకా వారం. మొక్కలేమో ఏలూరు నర్సరీనుంచి వచ్చి, బడి గోడ పక్కన సంచుల్లో వాడిపోతున్నాయి. తోపులో చూస్తే అమ్మవారు నానాటికీ వెలిగిపోతోంది. ఎవరో ఇత్తడి గంట కూడా కట్టారు. నా ఆయుష్షులో మొదటిసారి రాత్రి అన్నం వదిలేశాను. వదిలేసిన అన్నం పొద్దున్న చద్దన్నంగా తిన్నాననుకోండి, అయినా వదిలెయ్యడం వదిలెయ్యడమే.

శనివారం అందరూ తోపులో చేరారు. మా వీధివాళ్ళు, పై ఊళ్ళవాళ్ళు, మళ్ళీ పాస్టరుగారు, దూరంగా గట్టు మీద సత్యంగారు. నేను నడుం బిగించి అందరిముందూ నిలబడి మొదటినుంచీ చెప్పాను. చీర, రెట్టలు, పురుగుపట్టిన పసుపు, గేటు రంగు, ఏదీ దాచలేదు. విన్నాక పై ఊరి పెద్దావిడ ఒకామె లేచి, అమ్మవారు ఎవరిచేత ఎందుకు కట్టించుకుంటుందో కట్టినవాళ్ళకి తెలియాలని ఎక్కడుందమ్మా అని అడిగింది.

అప్పుడు రమణమ్మ లేచింది. "కట్టిన చెయ్యే విప్పాలండీ. మామ్మగారు గుడ్డ విప్పి మొదటి దెబ్బ వెయ్యాలి. అమ్మకి ఇష్టం లేకపోతే ఆపుతుంది, ఇష్టమైతే ఊరుకుంటుంది" అంది. పెద్దావిడ ఆలోచించి సరేనంది.

ఇంత చిన్న పనా అనుకున్నాను. గుడ్డ విప్పి, మడిచి, బొడ్లో దోపుకున్నాను. పాతగుడ్డయినా గుడ్డే కదా. గొడ్డలి అందుకుని, చూసేవాళ్ళు తప్పుకోండని చెప్పి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేశాను.

నేను చూడనిది ఒకటుంది. పక్కనున్న పాత నేరేడు కొమ్మ ఆ తుమ్మలోకి చొచ్చుకుపోయి ఉంది. ఆ కొమ్మ ఆకులన్నీ కలిపి కుట్టి ఎర్రచీమలు గుమ్మడికాయంత గూడు కట్టుకున్నాయి. దెబ్బకి మాను అదిరింది, గూడు తెగి తిన్నగా నా నెత్తిన పడింది.

ఆ తరవాత జరిగినది నేను చూడలేదు, కళ్ళు మూసుకున్నాను. చెప్పినవాళ్ళ మాట చెబుతున్నాను. గొడ్డలి ఎటో పోయిందట. సిగ ఊడి జుట్టంతా విరబోసినట్టయిందట. ఆ చెట్టు చుట్టూ, మోకాళ్ళ నొప్పులని నలుగురైదుగురు డాక్టర్లకి చూపించుకున్న నేను, మూడుసార్లు గెంతుతూ తిరిగానట. చేతులు ఆడించానట. చీమ కరిస్తే ఎవరైనా ఆడిస్తారు కదండీ. వెయ్యి కరిస్తే ఎలా ఉంటుంది?

"అమ్మ వచ్చింది" అని రమణమ్మ మొట్టమొదట కేకేసింది. జనమంతా మోకాళ్ళ మీద వాలారు. పెద్దావిడ చేతులు జోడించి, "ఏం కావాలో చెప్పు తల్లీ" అని అడిగింది.

నాకు అప్పుడు కావలసినదల్లా ఆ చెట్టు భూమ్మీద లేకపోవడం. "ఈ ముళ్ళ పీడని నరికిపారెయ్యండే. ఒక్కటి మిగలకూడదు. చూస్తూ నిలబడ్డారేం? ఆ నేరేడు మీద మాత్రం చెయ్యి వేశారో, చస్తారు" అని అరిచాను. చివరి మాట చీమల గురించి చెప్పాను. దాన్ని కూడా వాళ్ళు కళ్ళకద్దుకున్నారు.

ఇక చూడండి. ముఠావాళ్ళు లేచారు, పై ఊళ్ళవాళ్ళు లేచారు, కత్తి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ లేచారు. రెండు వారాలు కదలని తోపు సాయంత్రంలోపు తుమ్మ లేకుండా శుభ్రమైపోయింది. గంటా గాజులూ భక్తిగా నేరేడు కిందికి మార్చారు. సోమవారం నుంచి మొక్కలు నాటారు, బుధవారం వాన పడింది. సత్యంగారైతే ఆ శనివారమే గట్టు దిగి, నాకు దూరంనుంచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. నేరేడు ఉన్నంతకాలం ఆ తోపులో మిషను అడుగుపెట్టదు. నా చేను ఈ ఏడు కూడా పండింది.

అసలు ముచ్చట ఆ సాయంత్రమే జరిగింది. రమణమ్మ మా అరుగు మీద కూర్చుని నా జుట్టులోంచి చీమలు ఏరుతోంది. నేను ఏడవలేక కూర్చున్నాను. ఊరంతా పొరబడింది, నేనేమో దేవత పేరున జనాన్ని మోసం చేశాను, రేపు ఆదివారం ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే అన్నాను.

రమణమ్మ ఇంకో చీమని నలిపింది. "ఎవరు పొరబడ్డారండీ? అది మీ చీర అని సోమవారమే తెలుసు మా వీధికంతా. అంచు చూశాం కదా."

"మరి అమ్మవారంటివి కదే."

"పై ఊరివాళ్ళు అప్పటికే దణ్ణం పెడుతున్నారండీ. మర్నాడు సత్యంగారి మిషను వస్తుందని మాకు కబురుంది. కాగితం రాకుండా తుమ్మ కొట్టేస్తే ఆయన చెరువుకి మనమే చోటు చేసిచ్చినట్టు. అందుకని ఉండనిచ్చాం. కాగితం వచ్చాక, మొక్కినవాళ్ళ మనసు నొప్పించకుండా దింపాలి కదండీ, అందుకే మీ చేత కొట్టించాం. చీమలు మాత్రం మేం పెట్టలేదు."

"నన్ను గూడెం ఎందుకు పంపావే?"

"గుడ్డ ఎవరు కట్టారని సత్యంగారు ఇంటింటికీ తిరిగి అడుగుతున్నారండీ అప్పుడు. మీరుంటే చెప్పేస్తారు."

"నాకు ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?"

"మీరు అబద్ధం ఆడరు కదండీ మామ్మగారూ. ఊళ్ళో అందరికీ చెప్పొచ్చు గాని, మీకెలా చెబుతాం?"

పొగిడిందో తిట్టిందో తేలలేదు. చివరికి, పోనీ పాస్టరుగారైనా నాలాగా అమాయకంగా బాధపడ్డారు కదా, ఆయనకి రేపు అంతా విడమరిచి చెప్పాలి అన్నాను.

"ఆయనకి బుధవారమే చెప్పేశామండీ" అంది రమణమ్మ. "మీరు గెంతుతున్నప్పుడు ఆయన కండువా నోట్లో కుక్కుకున్నది ఏడుపని అనుకున్నారా?"

కాబట్టి చదువరులారా, ఇకమీదట ఏ చెట్టుకీ గుడ్డ కట్టనని, బొట్టు పెట్టనని, నేరేడు వంక తలెత్తి చూడకుండా గొడ్డలి ఎత్తనని, ప్రకాశం పది చుట్టల రిబ్బను తెచ్చినా పళ్ళు బిగబట్టి ఊరుకుంటానని మీ అందరి ఎదుట ఒట్టు వేద్దామనుకున్నాను. ఒట్లు వెయ్యకూడదని ఆదివారపు బడిలో నేర్పారు. అందుకని మాట ఇస్తున్నాను. నేను అబద్ధం ఆడనని ఊరంతటికీ తెలుసు. దానివల్ల ఎంత నష్టమో ఇప్పుడు మీకూ తెలిసింది.